ఇరుకు గూట్లో పదిమంది

సొమ్మసిల్లి ఒరిగిపోతున్న మరియ ఎడమ కాలు కొలతకు నిలవదు. నీలి వస్త్రం మడతల కింద నడుము ఎక్కడుంది, మోకాలు ఎక్కడుంది, పాదం ఎక్కడ తేలింది అని వేలితో వెతుక్కుంటూ పోతే, ఆ కాలు మనిషి కాలికి ఉండవలసిన దానికంటే బాగా పొడుగని తెలుస్తుంది. మామూలుగా చూసేవాళ్ళకు ఆ సంగతి తట్టదు. గీసినవాడికి తెలియకపోలేదు. అదే చిత్రంలో మణికట్టు దగ్గర నరం ఎలా ఉబ్బుతుందో, ఏడ్చి ఏడ్చి కనురెప్ప ఎలా వాస్తుందో తెలిసిన చెయ్యి అది. అంత తెలిసినవాడు కాలిని కావాలనే సాగదీశాడు.

ఆయన పేరు రోజియర్ వాన్ డెర్ వైడెన్. చిత్రం పేరు ‘సిలువ నుంచి దించుట’. 1435 ప్రాంతంలో గీసింది, ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. ఎత్తు రెండు మీటర్లకు కాస్త పైన, వెడల్పు రెండున్నర మీటర్లు దాటుతుంది. బాల్టిక్ సముద్ర తీరం నుంచి వచ్చిన ఓక్ చెక్క పలకల మీద నూనెరంగులతో వేశాడు. సందర్భం మనకు తెలియనిది కాదు. మన ఊళ్ళ కతోలిక గుడుల గోడల మీద సిలువమార్గం పటాలు పద్నాలుగు ఉంటాయి. వాటిలో పదమూడోది ఇదే. ప్రాణం పోయిన యేసు దేహాన్ని సిలువ మీద నుంచి దించుతున్నారు. ఎప్పుడూ గుడిలో అడుగుపెట్టని వాళ్ళకు కూడా ఈ కథ తెలుసు. అందుకని కథ పక్కన పెట్టి పని చూద్దాం. ఈ చిత్రం ముందు గొంతు పట్టేసేది కథ బలం కంటే పనితనం బలం వల్లనే అని నా గట్టి నమ్మకం.

ముందు మనుషుల్ని గుర్తుపడదాం. మొత్తం పదిమంది. ఎడమ చివర ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నది క్లోపా భార్య మరియ. ఎర్రటి వస్త్రంలో ముందుకు వంగి యేసు తల్లిని పట్టుకుంటున్న యువకుడు యోహాను. అతడి పక్కన ఆకుపచ్చ గౌనులో సలోమే. వాళ్ళిద్దరి చేతుల్లోకి ఒరిగిపోతున్నది ఆ తల్లి మరియ. మధ్యలో క్రీస్తు. ఆయన భుజాల కింద చేతులు వేసి మోస్తున్న గడ్డం ముసలాయన నీకొదేము. కాళ్ళు పట్టుకున్న జరీ అంగీ పెద్దమనిషి అరిమతయియ యోసేపు. ఈ ఇద్దరిలో ఎవరు ఎవరన్న విషయంలో పండితులకు భేదాభిప్రాయం ఉంది. అయితే సువార్త యోసేపును ధనవంతుడని చెబుతోంది గనుక జరీ అంగీ ఆయనదేనని చెప్పేవాళ్ళ మాట నాకు నచ్చింది. ఆయన వెనుక అత్తరు బుడ్డి పట్టుకుని ఒకతను. నిచ్చెన మీద ఒక కుర్రవాడు. కుడి చివర రెండు చేతులూ బిగించి మెలితిరిగిపోతున్న మగ్దలేనే మరియ.

వీళ్ళంతా ఎక్కడున్నారు? కొండ లేదు, యెరూషలేము లేదు, ఆకాశం లేదు. కింద కాసింత నేల, నాలుగు మొక్కలు, ఒక పుర్రె, ఒక ఎముక. వెనకంతా బంగారు రేకు తాపిన గోడ. పై మూలల్లో చెక్కినట్టుగా గీసిన నగిషీ. అంటే పదిమందినీ ఒక లోతులేని గూట్లో నిలబెట్టాడు. ఆ గూడు లోతు మనిషి భుజాల వెడల్పును మించదు. ఇప్పుడు అందులో ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టండి. అందరికంటే ముందు మరియ. ఆమె వెనుక క్రీస్తు. ఆయన వెనుక ఆయన్ని మోసేవాళ్ళు. వాళ్ళ వెనుక సిలువ. సిలువ వెనుక నిచ్చెన. నిచ్చెన మీద కుర్రవాడు. అన్నిటికంటే వెనుక ఉండవలసిన ఆ కుర్రవాడి చొక్కా చేయి అన్నిటికంటే ముందున్న నగిషీలో చిక్కుకుంది! సిలువ సంగతి ఇంకా విడ్డూరం. దాని అడ్డుకొయ్య ఎంత పొట్టిదంటే, ఇక్కడ మనం చూస్తున్న మనిషిని చేతులు చాపించి దాని మీద మేకులు కొట్టడం అసాధ్యం.

కాలు ఎందుకు సాగిందో ఇక్కడ తేలుతుంది. సిలువ మొదలు, నిచ్చెన కాళ్ళు నేలను తాకే చోటు కనబడితే మన కన్ను వెంటనే లెక్క వేస్తుంది. ఇంత ఇరుకులో ఇవన్నీ ఎలా పట్టాయని అడుగుతుంది. ఆ ప్రశ్న పుట్టకుండా మరియ కాలిని పొడిగించి, ఆమె నీలి వస్త్రాన్ని ఆ చోటు మీదుగా పరిచాడు. కింద లెక్క మూసేశాడు కాబట్టి పైన ఏమి గీసినా కన్ను ఒప్పుకుంటుంది. ఏ ముఖానికి ఆ ముఖం, ఏ చేతికి ఆ చెయ్యి పరమ సత్యంగా ఉంటాయి. వాటిని కూర్చిన చోటు మాత్రం లోకంలో ఎక్కడా లేదు.

ఇంత శ్రమపడి అందరినీ ఇరికించడం దేనికి? ఆ కాలపు ఫ్లాండర్స్ గుళ్ళలో పీఠం మీద చెక్క శిల్పాల పెట్టెలు పెట్టేవారు. లోపల పూర్తి బొమ్మలు, వాటికి రంగులు, వెనక బంగారం. ఆ శిల్పాలకు రంగులు వేయడం చిత్రకారుల పనే. రోజియర్‌కు ఆ వృత్తి లోపలి నుంచి తెలుసు. తండ్రి టూర్నేలో కత్తులు చేసే పనివాడు. తాను అదే ఊళ్ళో రాబర్ట్ కాంపిన్ కార్ఖానాలో 1427 నుంచి 1432 వరకు పనిచేశాడు. ఆ శిల్పాల పెట్టెనే రంగులతో గీసి, అందులోని కొయ్యబొమ్మలకు నెత్తురు, చెమట, కన్నీరు ఇచ్చాడు. శిల్పం దగ్గరితనం ఉంది, శిల్పానికి సాధ్యం కాని చర్మం ఉంది. వెనక దూరం లేదు కాబట్టి మన చూపు పారిపోవడానికి దారి లేదు. ఏ ముఖం నుంచి తప్పించుకున్నా మరో ఏడుస్తున్న ముఖం దగ్గరికే వెళ్ళి పడతాం.

ఈ పని చేయించుకున్నది రాజులు కారు. లూవెన్ పట్టణంలోని క్రాస్‌బో విలుకాండ్ర సంఘం తమ ప్రార్థనాలయం కోసం గీయించుకుంది. మీట నొక్కి బాణం వదిలే ఆ విల్లు వాళ్ళ గుర్తు. నగిషీ మూలల్లో వెతికితే బుల్లి విల్లులు కనిపిస్తాయి. పైసలిచ్చినవాళ్ళ ముద్ర ఉంది గానీ, దేనికీ అడ్డు రాదు. క్రీస్తు దేహం వంగిన తీరు, వేలాడే చేతుల తీరు ఎక్కుపెట్టిన విల్లును తలపిస్తాయని కొందరంటారు. ఉండవచ్చు. నాకు మాత్రం ఆ వంపుకు ఇంతకంటే దగ్గరి కారణం ఆ పక్కనే కనిపిస్తుంది.

క్రీస్తు దేహం ఎడమ పైనుంచి కుడి కిందికి ఏటవాలుగా జారుతోంది. మరియ దేహమూ అలాగే జారుతోంది. ఆయన తల ఒరిగింది, ఆమె తలా ఒరిగింది. ఆయన కుడి చెయ్యి పట్టు తప్పి వేలాడుతోంది, ఆమె కుడి చెయ్యీ వేలాడుతోంది. కొడుకు ఎలా పడుతున్నాడో తల్లి అలాగే పడుతోంది. మేకు గాయమున్న ఆయన చేతికీ, గాయం లేని ఆమె చేతికీ మధ్య దూరం కొంచెమే. తాకవు. ఇంకొక్క క్షణం ఆగితే తాకుతాయేమో అనిపించే చోట ఆపాడు. మరియ ముఖం క్రీస్తు ముఖం కంటే పాలిపోయి ఉంది. చనిపోయినవాడిలో ఇంకా కాస్త రంగు మిగిలింది, బతికున్న ఆమెలో మిగల్లేదు.

సువార్తల్లో ఎక్కడా మరియ మూర్ఛపోయినట్టు లేదు. యోహాను సువార్త ఆమె సిలువ దగ్గర నిలుచున్నదనే చెబుతుంది. కొడుకు దేహంలో పడ్డ బాధనంతా తల్లి తన మనసులో పడిందన్న భావన మధ్యయుగపు భక్తిలో బలపడి, ఈ మూర్ఛ చిత్రాల్లోకి వచ్చింది. తరువాత 1506లో కాయేతాన్ అనే వేదాంతి, మూర్ఛ ఆ తల్లి ధైర్యానికి తగదని వాదించాడు కూడా. రోజియర్ ఆ వాదాల జోలికి పోలేదు. ‘తల్లి కూడా కొడుకుతో పాటు చనిపోయింది’ అన్న మాటను రెండు దేహాల వంపులతో గీశాడు. చదువు రాని విలుకాడు కూడా దాన్ని ఒక్క చూపులో చదువుకోగలడు.

రెండు పక్కలూ చూడండి. ఎడమన యోహాను వీపు వంపు, కుడిన మగ్దలేనే వీపు వంపు. మధ్యలో ఉన్న గుంపునంతా ఆ రెండు వీపులు చేతుల్లా చుట్టి పట్టుకున్నాయి. మగ్దలేనే నిలబడిన తీరును ఎవరైనా అద్దం ముందు అనుకరించి చూస్తే నిమిషం సేపు కూడా నిలవలేరు. మోకాళ్ళు ముడుచుకుపోయి, మోచేతులు బయటికి పొడుచుకొచ్చి, వేళ్ళు ఒకదానిలో ఒకటి బిగుసుకున్నాయి. అందరికంటే ఎక్కువగా చెదిరిపోయిన మనిషి ఆమే. చిత్రం అంచును గట్టిగా పట్టి ఉంచే పని ఆమెకే అప్పగించాడు. ఆమె నడుము పట్టీ మీద యేసు, మరియల పేర్లు అక్షరాలుగా ఉన్నాయి.

నెత్తురు దగ్గరికి వద్దాం. ప్రక్కలో ఈటె పోటు నుంచి కారిన రక్తం పొట్ట మీదుగా నడుము గుడ్డ దాకా పోయింది. పలచని గుడ్డ కింద నుంచి కూడా దాని ఎరుపు కనబడుతుంది. ఇప్పుడు దేహం దాదాపు అడ్డంగా ఉంది. రక్తం ఇప్పుడు కారుతున్నదైతే నేల వైపు, అంటే వీపు వైపు మళ్ళాలి. అది తల నుంచి కాళ్ళ వైపు నిలువునా పోయిందంటే, దేహం సిలువ మీద నిలువుగా ఉన్నప్పుడు కారి ఎండిపోయిందన్నమాట. దించుతున్న క్షణాన్నే గీస్తూ, అంతకు ముందు గడిచిన గంటలను ఒక్క ఎర్రటి చారలో చెప్పేశాడు. ఇలాంటి చోట నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇదంతా సాధ్యం చేసింది నూనె. అంతకు ముందు చెక్క మీద గుడ్డు పచ్చసొనలో కలిపిన రంగు ఎక్కువగా వాడేవారు. అది చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి వెలుగు నుంచి నీడలోకి పోవాలంటే సన్నని గీతలు పక్కపక్కనే గీసుకుంటూ పోవాలి. అవిసె నూనెలో కలిపిన రంగు నిదానంగా ఆరుతుంది. తడిగా ఉండగానే ఒక ఛాయను ఇంకో ఛాయలోకి కలపవచ్చు. చెంప ఎక్కడ మలుపు తిరిగి నీడలో పడిందో గీత కనబడదు. ఫ్లాండర్స్ పనివాళ్ళు ఓక్ పలక మీద సుద్ద, జంతువుల చర్మపు బంక కలిపి పూసి, అద్దంలా నున్నగా రుద్దేవారు. ఆ తెలుపు మీద పలచటి రంగు పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తారు. వెలుగు ఆ పొరల్లోంచి దూరి, అడుగున ఉన్న తెలుపును తాకి, మళ్ళీ రంగులోంచి బయటికి వస్తుంది. అందుకే ఆ ఎరుపులు, ఆకుపచ్చలు లోపల నుంచి వెలుగుతున్నట్టుంటాయి.

మరియ వస్త్రపు నీలం కథ వేరు. అది ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల్లో దొరికే లాపిస్ లాజులి రాయి నుంచి తీసిన రంగు. రాయిని ఊరికే నూరితే బూడిద రంగు పొడి వస్తుంది. ఆ కాలపు ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని తన పుస్తకంలో దాని తయారీ వివరంగా రాశాడు. పొడిని మైనం, చెట్ల జిగురు కలిపిన ముద్దలో పెట్టి రోజుల తరబడి పిసికి, బూడిద నీళ్ళలో నలిపితే నీలి రేణువులు మాత్రమే దిగుతాయి. ధరలో బంగారంతో పోటీపడే సరుకు. విలుకాండ్ర సంఘం దాన్ని ఇంత విశాలమైన వస్త్రానికి కొనిచ్చింది. రోజియర్ ఆ ఖరీదైన నీలాన్ని పైన, కంటి ఎత్తున పెట్టలేదు. నేల మీదికి జారవిడిచాడు. ఆ రంగు పడినచోటే మన కన్ను మొదట పడుతుంది. అదే వస్త్రం ఇందాకటి లెక్కనూ దాస్తోంది. ఖర్చులో, భక్తిలో, కూర్పులో ఒకే గుడ్డ మూడు పనులు చేస్తోంది.

ఇక కన్నీళ్ళు. ఎర్విన్ పనోఫ్‌స్కీ అనే గొప్ప కళాచరిత్రకారుడు ఈ కన్నీటి చుక్కను ముత్యంతో పోల్చి, ఫ్లాండర్స్ చిత్రకళలో ఇటలీవాళ్ళు బాగా మెచ్చుకున్నదంతా అందులో ఉందన్నాడు. దగ్గరగా చూస్తే ఒక్కో చుక్కలో ఎంత తక్కువ రంగుందో తెలుస్తుంది. వెలుగు వచ్చే వైపు ఒక తెల్లటి చుక్క, అవతలి అంచున కొంచెం కాంతి, కింద సన్నని నీడ. మిగతాదంతా వెనక ఉన్న చర్మమే. నీళ్ళను గీయలేదు, నీళ్ళు వెలుగును ఏం చేస్తాయో గీశాడు. అందరి కన్నీళ్ళూ ఒకటి కావు. యోసేపు కన్నీళ్ళు వయసు ముడతల మీదుగా దారి వెతుక్కుంటున్నాయి. అంత జరీ, అంత బొచ్చు అంచు వేసుకున్న పెద్దమనిషి, రెండు చేతులూ దేహాన్ని మోస్తున్నాయి కనుక తుడుచుకోలేకపోతున్నాడు. క్లోపా భార్య మరియ ఒక్కతే గుడ్డతో ముఖం దాచుకుంది. ఆ ఎడమ మూలకు వెళ్ళినప్పుడల్లా నాకు అందరికంటే ఆమె ఏడుపే పెద్దగా వినిపిస్తుంది.

ఇటలీవాళ్ళకు ఇది తెలియకపోలేదు. బార్తొలొమేయో ఫాజియో 1456లో ప్రసిద్ధుల గురించి రాస్తూ, ఫెరారాలో ఉన్న రోజియర్ మరో చిత్రంలోని దుఃఖం, కన్నీళ్ళు నిజమైనవేనని అనిపిస్తాయని మెచ్చుకున్నాడు. వందేళ్ళ తరువాత గాలి మారింది. పోర్చుగల్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో దె ఒలాండా 1548లో రాసిన సంభాషణల్లో మైకెలాంజెలో ఒక మాట అన్నట్టుంది. ఫ్లాండర్స్ చిత్రాలు భక్తులను ఏడిపిస్తాయని, ఆడవాళ్ళకు, సన్యాసులకు నచ్చుతాయని, వాటిలో పొందిక, కొలత లేవని ఆ మాట సారాంశం. మైకెలాంజెలో నిజంగా అలా అన్నాడో లేదో తేల్చలేం. అని ఉంటే మాత్రం ఈ ఒక్క చిత్రం దానికి సమాధానం. ఇక్కడ ఏడిపించేదే పొందిక. రెండు దేహాల సమాంతరం చెడగొట్టండి, రెండు చేతుల మధ్య దూరం పెంచండి, కన్నీటి చుక్కలన్నీ అలాగే ఉంచండి. మనకు ఏడుపు రాదు.

లూవెన్‌లో జనం దీన్ని వెంటనే గుర్తించారు. 1443 నాటికే ఎడెల్‌హీర్ కుటుంబం చేయించుకున్న ఒక చిన్న నకలు అక్కడి సెయింట్ పీటర్స్ చర్చిలో వెలిసింది. ఆ తరువాత నెదర్లాండ్స్‌ను పాలించిన హంగరీ మేరీ 1548 ప్రాంతంలో అసలు చిత్రాన్ని తీసుకుని, విలుకాండ్రకు బదులుగా మిఖీల్ కాక్సీ వేసిన నకలునూ ఒక ఆర్గాన్ వాయిద్యాన్నీ ఇచ్చింది. 1549లో స్పెయిన్ యువరాజు ఫిలిప్ వెంట ఆమె బాంష్ కోటకు వచ్చిన వీసెంతె ఆల్వరెజ్, కోటలోని చిత్రాల్లోనే గాక లోకం మొత్తంలోనే ఇది మేలైనదని తన అభిప్రాయం రాసిపెట్టాడు. స్పెయిన్‌కు తరలిస్తుండగా ఓడ మునిగిందనీ, గట్టిగా కట్టి ఉంచడం వల్ల చిత్రం పెద్దగా చెడలేదనీ 1604లో కారెల్ వాన్ మాండర్ రాశాడు. 1574లో ఎస్కోరియల్ మఠానికి చేరినప్పుడు జాబితాలో మాస్టర్ రోజియర్ పని అని రాశారు. 1939 నుంచి ప్రాడోలో ఉంది. రోజియర్ దీని మీద సంతకం చేయలేదు, ఒప్పంద పత్రం మిగల్లేదు. బ్రస్సెల్స్ పురమందిరం కోసం ఆయన గీసిన న్యాయచిత్రాలు ఆ కాలంలో అన్నిటికంటే పేరున్నవి. 1695లో ఫ్రెంచి ఫిరంగుల దాడిలో అవి తగలబడిపోయాయి. ఆ లెక్కన ఈ చిత్రం మనకు దక్కడమే భాగ్యం.

మాడ్రిడ్ వెళ్ళే వీలు అందరికీ ఉండదు. ప్రాడో తన వెబ్‌సైట్లో ఈ చిత్రాన్ని చాలా పెద్దదిగా చేసి చూసుకునే వీలు కల్పించింది. ఫోన్‌లో వద్దు, ఇంట్లో ఉన్న పెద్ద తెర మీద తెరవండి. ముందు ముఖాల జోలికి పోకండి. అరచేత్తో కుడి చివర మగ్దలేనేను మూసి చూడండి, బొమ్మ అంతా ఆ వైపు ఒలికిపోతున్నట్టుంటుంది. చెయ్యి తీసి, ఈసారి కింద నీలి వస్త్రం పరచుకున్న చోటును మూయండి, అక్కడ సిలువ మొదలూ నిచ్చెన కాళ్ళూ ఉన్నట్టు ఊహించండి. ఆ తరువాత రెండు చేతుల దగ్గరికి, ఎర్రటి చార దగ్గరికి, చివరగా యోసేపు చెంప దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళనూ పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కడెక్కడ లెక్క తప్పిందో మనకంటే ముందు వాళ్ళే పట్టేస్తారు.